ఇరవై ఒకటో పుస్తకం తర్వాత

నాకు పదకొండేళ్లు వచ్చేదాకా మా ఇంట్లో ఉన్నవి రెండే పుస్తకాలు. ఒకటి బైబిలు, రెండోది రేషను కార్డు. బైబిలు గూట్లో ఉండేది. రేషను కార్డు బియ్యం కుండ కింద ఉండేది. మా నాయనకి రెండూ చదవటం రాదు. అమ్మకీ రాదు. అయినా వాన పడితే ముందు ఆ రెండింటినే చూసుకునేవాళ్లు.

నేను పుట్టింది 1987లో. కారంచేడు జరిగిన రెండేళ్లకి, ఆ జిల్లాలోనే ఇంకో ఊరి మాదిగపల్లెలో. నాయన పాలేరు. అమ్మ పొలం పనులకి పోయేది, పొగాకు రోజుల్లో గ్రేడింగుకి పోయేది. అవేవీ లేనప్పుడు ఆసామి గారి దొడ్లో పేడ తీసి ఊడ్చేది. మా అక్క ఏడో తరగతితో ఆగిపోయింది. ఆమెకి పెళ్లి చేసిన ఏడే నాకు గురుకులంలో సీటొచ్చింది.

ఆ గురుకులంలో లైబ్రరీ అంటే ఒక ఇనప బీరువా. అడుగు అరలో ఎవరో పట్నం వాళ్లు పంపిన పాత ఇంగ్లీషు పుస్తకాలు పడి ఉండేవి. వాటిని ఎవరూ ముట్టుకునేవాళ్లు కాదు. ఎవరూ ముట్టుకోని వాటి మీద నాకు మొదట్నించీ మనసు. అట్ట ఊడిపోయిన పుస్తకం ఒకటి తీసుకున్నాను. ఎనిడ్ బ్లైటన్ అనే ఇంగ్లండు ఆమె 1942లో రాసిన 'ఫైవ్ ఆన్ ఎ ట్రెజర్ ఐలాండ్'. డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివితే రెండు నెలలు పట్టింది. సగం అర్థం కాలేదు. అర్థమైన సగం నన్ను వదల్లేదు.

నలుగురు పిల్లలు, ఒక కుక్క. జూలియన్, డిక్, ఆన్ ఒక తల్లి పిల్లలు. సెలవులకి సముద్రం పక్కన ఉన్న బాబాయి ఇంటికి వస్తారు. బాబాయి కూతురు జార్జినా. ఆ పేరుతో పిలిస్తే పలకదు. జుట్టు కత్తిరించుకుని, నిక్కరు వేసుకుని, జార్జి అని పిలిస్తేనే పలుకుతుంది. పడవ నడుపుతుంది, ఎవరికీ లొంగదు. సముద్రంలో ఒక దీవి చూపించి అది నాది అంటుంది. నేను ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మా పల్లెలో ఎవరి పేరా సెంటు భూమి లేదు. ఈ పిల్లకి పదకొండేళ్లు, ఈ పిల్లకి ఒక దీవి ఉంది!

తుఫాను వస్తుంది, మునిగిపోయిన పాత ఓడ పైకి తేలుతుంది, అందులో పెట్టె, పెట్టెలో పటం, దీవి మీది పాడుబడ్డ కోట నేలమాళిగలో బంగారం కడ్డీలు. దొంగలు వస్తారు. పిల్లలు వాళ్లని మించిపోతారు. ఇది జరిగే పని కాదని పదకొండేళ్లకే నాకు తెలుసు. ఏ కోటకి చూసినా సొరంగం, ఏ లైటుహౌసు చూసినా రహస్యం, ఏ సెలవులకి వెళ్లినా దొంగల ముఠా. బాబాయి సైంటిస్టు, ఆయన్నో, ఆయన కాగితాల్నో, ఆయన కూతుర్నో ఎవరో ఒకరు ఎత్తుకుపోతూనే ఉంటారు. అయినా మనిషి జాగ్రత్తపడడు. నవ్వొచ్చేది. నవ్వుకుంటూనే పేజీ తిప్పేదాన్ని.

ఇంకోటి, తిండి. ప్రతి పుస్తకంలో పేజీలకి పేజీలు తింటారు. ఉడికించిన గుడ్లు, మాంసం ముక్కలు పెట్టిన రొట్టెలు, టమోటాలు, కేకులు, అల్లం సోడా. హాస్టల్లో నీళ్ల చారు తాగి వచ్చి ఆ పేజీలు చదివితే కడుపు మండేది, నోరూరేది. చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, ఆమె ఆ కథలు మొదలుపెట్టినప్పుడు యుద్ధం జరుగుతోంది. ఇంగ్లండులో 1940 నుంచి 1954 దాకా తిండికి రేషను ఉంది. అంటే ఆ కేకుల్ని మొదట చదివిన తెల్లపిల్లలు కూడా రేషను కార్డు ఇళ్లల్లో కూర్చునే చదివారు. అది తెలిశాక బియ్యం కుండ కింద ఉన్న మా కార్డు గుర్తొచ్చింది. తినలేని వాళ్ల కోసమే ఆమె అంత తిండి రాసిందేమో అనిపించింది.

ఆ ఏడు ఎండాకాలం సెలవులకి ఇంటికొచ్చాను. మాకు సెలవులంటే కూలి. కానీ నా తలలో ఆ ఐదుగురు ఉన్నారు. ఏదైనా జరగాలని ఎదురుచూస్తున్నాను. జరిగింది.

ఆసామి గారి భార్య చెవి కమ్మ ఒకటి పోయింది. పొద్దున్నే ఇద్దరు మనుషులు మా పల్లెకొచ్చారు. వెనకాలే ఆమె వచ్చి పల్లె బయట వేపచెట్టు కింద నిలబడింది. ఇంకెవరి ఇంటికీ పోలేదు, తిన్నగా మా గుడిసెకొచ్చారు. బియ్యం కుండ బోర్లించారు. బైబిలు దులిపారు. అమ్మ కొంగు ముడి విప్పించారు. నా సంచీ కూడా దులిపారు.

నేను ముందుకెళ్లి అడిగాను. "కమ్మ యాడ పోయింది? ఇంట్లోనా, దొడ్లోనా?"

"ఇంట్లోనే" అన్నాడొకడు.

"మా అమ్మని ఇంట్లోకి రానీరు గదా. దొడ్డి దాటి లోపలికి ఎన్నడూ అడుగు పెట్టలా. మరి ఎట్టా తీస్తది?"

జూలియన్ అయితే ఆ ప్రశ్నకి ఇనస్పెక్టరు తల ఊపేవాడు. ఇక్కడ ఎవరూ మాట్లాడలేదు. వేపచెట్టు కింద నుంచి ఆమె, "దీని నోరు చూడండి, నన్నే అడుగుతంది" అంది. అప్పుడు దెబ్బ పడింది. కొట్టింది వాళ్లు కాదు, మా అమ్మ. చెంప మీద, గట్టిగా. "గమ్మునుండవే" అంది. వాళ్లు కొడితే ఆ దెబ్బ ఎట్టా ఉంటదో ఆమెకి తెలుసు, అందుకే ముందు తనే కొట్టింది. ఈ సంగతి అర్థం కావటానికి నాకు పదేళ్లు పట్టింది.

కమ్మ దొరికిందని మాకెవరూ చెప్పలేదు. వారం తర్వాత ఆమె చెవికి కనిపించింది. అమ్మ చూసింది, ఏమీ అడగలేదు, ఆ రోజు కూడా దొడ్డి ఊడ్చి వచ్చింది. ఆ పుస్తకాల్లో ఆఖరి అధ్యాయం ఒకటి ఉంటుంది. అందరూ కూర్చుంటారు, ఎవరు చేశారో ఎట్లా చేశారో తేలుతుంది, ఆ తర్వాత అన్నం తింటారు. మా కథలో ఆ అధ్యాయం లేదు. దొంగతనం మా ఇంటికొచ్చింది, సమాధానం మాత్రం ఊళ్లోనే ఆగిపోయింది.

సెలవులైపోయాక మళ్లీ ఆ బీరువా దగ్గరికే పోయాను. ఎందుకు పోయానని ఇప్పటికీ అడుగుతుంటారు. ప్రశ్న అడిగిన పిల్లని ఎవరూ కొట్టని చోటు నాకు అదొక్కటే తెలుసు.

బీరువాలో ఉన్నవి ఏడు పుస్తకాలు. మిగతావి తర్వాత ఇరవై ఏళ్లలో ఒక్కోటి ఏరుకున్నాను, కొన్ని విజయవాడ పాత పుస్తకాల కొట్లలో, కొన్ని హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద. మొత్తం ఇరవై ఒకటి. బ్లైటన్ మొదట్లో ఆరో ఎనిమిదో రాసి ఆపేద్దామనుకుంది. పిల్లలు ఆపనివ్వలేదు. పుస్తకాలు అమ్ముడుపోతూ ఉండటం కూడా ఆమెని ఆపనివ్వలేదు. 1963 దాకా రాసింది. 1968లో చనిపోయింది. అప్పటికీ కథ ఆగలేదు. ఫ్రెంచి రచయిత్రి ఒకామె 1971 నుంచి ఇంకా ఇరవైకి పైగా రాసింది. రాసినావిడ పోయినా ఆ పిల్లలు సెలవులకి వస్తూనే ఉన్నారు.

లెక్కేస్తే కుదరదు. మొదటి పుస్తకంలో జూలియన్‌కి పన్నెండు, డిక్‌కీ జార్జికీ పదకొండు, ఆన్‌కి పది. అన్ని సెలవులు గడిచాక ఇంకా బడిపిల్లలుగా ఉండకూడదు. చివర్లో కథలు పల్చబడతాయి, చెప్పిందే చెప్తుంది, సొరంగాలు కూడా అలిసిపోయినట్టుంటాయి. బాగాలేదని నాకు తెలుసు. కానీ పదిహేనో పుస్తకం తీసినప్పుడు మళ్లీ సెలవులొచ్చాయి, మళ్లీ టిమ్మీ తోక ఊపుతున్నాడు అని చదవగానే ఒళ్లంతా తేలికయ్యేది. మా అక్కకి పదమూడో ఏట 'ఇక చాల్లే' అన్నారు. నా వెంట పదో తరగతి రాసిన ఆడపిల్లల్లో సగం మందికి ఆ వేసవిలోనే అన్నారు. అయిపోవాల్సిన చోట అయిపోకుండా సాగే కథ మాకు మామూలు విషయం కాదు.

ఇది తెలుగువాళ్లకి తెలియనిదేం కాదు. బేతాళ కథలు మూలంలో ఇరవై అయిదే. చందమామ వాళ్లు దశాబ్దాల పాటు కొత్తవి అల్లుతూనే పోయారు. నేను సెలవుల్లో పాత చందమామ తెచ్చి నాయనకి చదివి వినిపించేదాన్ని. ఆయనకి బాగా ఇష్టం. ఒకసారి, "ఈయన ఇంకా శవం దించలేదా?" అని నవ్వాడు. కాసేపాగి, "రాజు మోస్తే కత. మనం చచ్చిన గొడ్డును మోస్తే కులం" అన్నాడు. ఆయన బడికి పోలేదు. నేను చదివిన విమర్శలో ఇంత మాట ఎక్కడా కనపడలేదు.

ఆ పుస్తకాల్లో నాకు నచ్చనివి చెప్పకపోతే అబద్ధమవుతుంది. ఆన్ ఎప్పుడూ గిన్నెలు కడుగుతూ సంబరపడుతుంటుంది. జూలియన్ పెద్దరికం భరించలేం. ఎవరిని అనుమానించాలో వాళ్లకి ముందే తెలుసు: మాసిన బట్టలవాడు, సంచారి, పరదేశి. 1950లో వచ్చిన తొమ్మిదో పుస్తకంలో జో అనే పిల్ల వస్తుంది. చింపిరి జుట్టు, చిరిగిన బట్టలు, చెప్పుల్లేని కాళ్లు. జిప్సీ పిల్ల, తండ్రి దొంగ. మొదట ఆమెని దగ్గరికి రానివ్వరు, కంపు కొడుతుందంటారు. ఆ తర్వాత జార్జిని దొంగలు ఎత్తుకుపోతే, ఎత్తైన బురుజు ఎక్కి విడిపించేది ఈ జోనే. కథ చివర వంటామె బంధువుల ఇంట్లో ఆమెకి చోటు చూపిస్తారు. ఇంకో రెండు పుస్తకాల్లో మళ్లీ కనిపిస్తుంది కానీ ఐదుగురిలో ఒకతె కాదు. అది చదివేదాకా నేను జార్జిని అనుకున్నాను. అప్పుడు తెలిసింది, ఆ ఇంటికి నేను పోతే నన్ను జో లాగానే స్నానానికి పంపిస్తారని.

2010లో ప్రచురణకర్తలు ఆ పుస్తకాల భాష మార్చి వేశారు, సంచారుల్ని తిట్టే మాటలు కొన్ని తీసేశారు. జనానికి నచ్చక 2016లో మళ్లీ పాత భాషకే పోయారు. నా దగ్గరున్నవి పాతవే. ఉండనీ. మనల్ని ఏమన్నారో చదువుకుంటేనే మంచిది.

2007 జులై 31న చుండూరు కేసులో తీర్పు వచ్చింది. నేను అప్పుడు డిగ్రీలో ఉన్నాను. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. పదహారేళ్లకి, ఆ ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. మేం హాస్టల్లో కళ్లనీళ్లతో కౌగలించుకున్నాం. ఆఖరి అధ్యాయం వచ్చిందనుకున్నాం. 2012 డీఎస్సీలో నాకు ఇంగ్లీషు స్కూల్ అసిస్టెంటు ఉద్యోగం వచ్చింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు సాక్ష్యాలు చాలవని అందరినీ వదిలేసింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఏం చేయాలో తెలియక అలమరలోంచి ఆ పాత పుస్తకం ఒకటి తీసి, దొంగలు దొరికిపోయే దాకా చదివి పడుకున్నాను.

ఈ మాట విద్యార్థి సంఘంలో నాతో పనిచేసిన ఒక అన్నకి చెప్తే ఆయనకి కోపం వచ్చింది.

"ఏంది చెల్లీ, మనోళ్ల రక్తం ఆరకముందే తెల్లదొరల పిల్లల కథలా? అబద్ధాల పుస్తకాలు!"

"అబద్ధాలని తెలిసే చదివానన్నా. నిజమని నమ్మింది తీర్పుని."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంబేద్కర్‌ని చదువు" అన్నాడు. చదువుతూనే ఉన్నాను. అది చదవటానికి కావలసిన ఇంగ్లీషు నాకు ఎక్కడి నుంచి వచ్చిందో ఆయన అడగలేదు.

ఇప్పుడు ఆయన మాట గురించి ఇంకో రకంగా ఆలోచిస్తున్నాను. మనం దుఃఖం రాస్తే మనవాళ్లూ బయటివాళ్లూ నమ్ముతారు. ఒక పనికిమాలిన పుస్తకం చదివి సంతోషపడ్డానని రాస్తే మనవాళ్లకే అనుమానం వస్తుంది. ఇంగ్లండులో పెద్దలకి కూడా బ్లైటన్ నచ్చలేదు. బీబీసీ చాలా ఏళ్లు ఆమెని రేడియోలోకి రానివ్వలేదు. పనికిమాలినవి చదవటానికి తీరిక కావాలి, ఆ తీరిక మా అమ్మకి ఒక్క మధ్యాహ్నం కూడా దొరకలేదు. నాకు దొరికింది. దాన్ని దాచుకోను.

అయితే ఆ పుస్తకాలు చదివినంత మాత్రాన మనిషి మారిపోదు. ఇది నా మీద నేనే చెప్పుకోవలసిన సంగతి. మూడేళ్ల కిందట పదో తరగతి గ్రూపు ఫోటోకి వసూలు చేసిన 1,200 రూపాయలు స్టాఫ్‌రూములో కనపడలేదు. అంతకు ముందు పీరియడులో చాక్‌పీసుల కోసం అక్కడికి వచ్చింది ఒక ఎరుకల పిల్ల. ఎవరో ఆమె పేరు చెప్పారు. పేరు చెప్పకముందే నా చూపు ఆమె మీదికి పోయింది. ఎవరూ చూడలేదు. నాకు తెలుసు.

బ్రిటిషు వాళ్లు 1871లో నేరస్థ తెగల చట్టం చేశారు. తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలో ఎరుకల వాళ్లని కూడా ఆ జాబితాలో ఎక్కించారు. పుట్టుకతోనే దొంగలు. చట్టం 1952లో రద్దయింది. నా కళ్లలో రద్దు కాలేదు. మాదిగపల్లెలో సంచీ దులిపించుకున్న పిల్లనే, ఆ పిల్ల సంచీ వంక చూశాను.

ఒక సారు, "సంచీలు చూద్దామా?" అన్నారు. అప్పటికి నాకు మా అమ్మ దెబ్బ గుర్తొచ్చింది. "ముందు మన సంచీలు, మన సొరుగులు చూద్దాం సార్. గదిలో ఎక్కువసేపు ఉన్నది మనమే" అన్నాను. కొంతమందికి కోపం వచ్చింది. అయినా వెతికారు. మధ్యాహ్న భోజనం రిజిస్టరు కింద కవరు దొరికింది. ఎవరు పెట్టారో వాళ్లకే గుర్తు లేదు. అందరూ నవ్వేసి క్లాసులకి వెళ్లిపోయారు.

నేను ఆ పిల్లని పిలిచాను. సంగతి అప్పటికే ఆమె చెవిన పడింది. "డబ్బులు దొరికాయమ్మా. నిన్ను అనుమానించారు. నేనూ ఒక నిమిషం అనుకున్నాను. తప్పు నాది" అన్నాను. చెప్తుంటే గొంతు పూడుకుపోయింది. మా అమ్మతో ఈ మాట ఎవరూ అనలేదు. ఆ పిల్ల తల దించుకుని చాలాసేపు నిలబడి, "ఈ శనివారం కత ఉందా టీచర్?" అంది.

శనివారం ఆఖరి పీరియడులో నేను ఈ కథలు తెలుగులో చెప్తాను. ముందు చెప్పి, తర్వాత ఒక పేజీ ఇంగ్లీషులో చదివిస్తాను. "మళ్లీ సెలవులొచ్చినయ్యా వాళ్లకి?" అని పిల్లలు నవ్వుతారు. నవ్వుతూనే ముందు బెంచీలకి జరుగుతారు. పోయిన ఏడు ఇరవై ఒకటో పుస్తకం అయిపోయింది. అయిపోయిందని చెప్తే ఒప్పుకోలేదు. అయితే మీరే రాయండి అన్నాను.

రాస్తున్నారు. ఇరవై రెండో పుస్తకం మా మండలంలోనే జరుగుతుంది. సముద్రం లేదు, చెరువు ఉంది. కోట లేదు, మూతబడ్డ పొగాకు బేరను ఉంది. దాని కింద సొరంగం ఉందని తీర్మానించారు. ఐదుగురు అన్న లెక్క మొదటి రోజే పోయింది. క్లాసులో ముప్పై ఒక్కరు ఉన్నారు, అందరూ ఉండాల్సిందే. కుక్కకి ఎవరూ ఒప్పుకునే పేరు ఇంకా దొరకలేదు. బేరను గోడెక్కేది మాత్రం ఆ ఎరుకల పిల్ల రాసింది. నడిపించేది కూడా ఆ పిల్లే అని తనే రాసుకుంది. ఎవరూ కాదనలేదు.

ఇప్పుడు ఆఖరి అధ్యాయం దగ్గర ఆగారు. దొంగలు దొరికారు. ఇంగ్లండు పుస్తకాల్లో అయితే ఇక్కడ ఇనస్పెక్టరు వచ్చి పిల్లల్ని మెచ్చుకోవాలి. ఒకడు లేచి, "ఎస్సై రాడు టీచర్" అన్నాడు. "వస్తే మనల్నే ముందు స్టేషనుకి తీస్కపోతాడు" అన్నాడు ఇంకొకడు. క్లాసంతా ఘొల్లుమంది. నాకు నవ్వు రాలేదు.

"మరి ఎట్టా రాద్దాం?" అన్నాను.

కొంతమంది ఎస్సై వచ్చినట్టే రాద్దాం, కథే కదా అంటున్నారు. కొంతమంది జరిగేదే రాద్దాం అంటున్నారు. ఆ పిల్ల ఏ పక్కా మాట్లాడలేదు. బెల్లు కొట్టాక నా దగ్గరికొచ్చి, "రెండూ రాద్దాం టీచర్. ముందు తీస్కపోతాడు. ఇరవై మూడో దాంట్లో బయటికొస్తాం" అంది.

వచ్చే శనివారం అక్కడి నుంచి మొదలుపెట్టాలి.